విధి మీద వేసిన నింద

ఆదివారం మధ్యాహ్నపు ఆట. నాటకం ఆఖరి అంకానికి వచ్చింది. హాలులో ఎవరో ముక్కు చీదారు. ఆ చప్పుడు అంటువ్యాధిలా వరస నుంచి వరసకు పాకింది. తెర చాటున నాటక కంపెనీ దర్జీ ఆవిడ బొగ్గుల ఇస్త్రీపెట్టెను పక్కకు నెట్టి, ఎర్రరంగు పులిమిన చొక్కా పట్టుకుని నిలబడింది. కథానాయకుడికి ఒకేలాంటి చొక్కాలు రెండు. కత్తిపోటుకు ముందు తెల్లది, తరవాత ఎర్రది. పదకొండేళ్ళుగా ఆ రెండింటినీ ఉతికి, ఆరేసి, చిరిగినచోట కుట్టేది ఆవిడే.

నాటకం పాతది. నదికి ఇవతల ఒక వంశం, అవతల ఒక వంశం. తాతలనాటి పగ. ఇవతలి పిల్లా అవతలి పిల్లవాడూ మనసులు ఇచ్చిపుచ్చుకుంటారు. "రేపు నీ వెంట వచ్చేస్తాను" అని పిల్ల రాసిన ఉత్తరం తీసుకుని పడవవాడు బయల్దేరితే తుఫాను అడ్డం పడుతుంది. ఉత్తరం అందదు. పిల్ల మనసు మారిందనుకుని కుర్రవాడు శత్రువుల కత్తులకు ఎదురు వెళతాడు. అదే కత్తి మీద ఆ పిల్లా వాలిపోతుంది. అప్పుడు, అంతా అయిపోయాక, పెద్దలిద్దరూ ఒకరినొకరు కావలించుకుని గొల్లుమంటారు. తెల్లగడ్డం వేషంలో ముసలి నటుడు ముందుకు వచ్చి, "ఎవరినీ అనకండి! ఇది ఎవరి తప్పూ కాదు. రాత అలా ఉంది!" అంటాడు. తెర పడుతుంది. చప్పట్లు మోగుతాయి.

ఆ చప్పట్లలో అన్నిటికంటే గట్టివి ఆఖరి వరసలోంచి వచ్చేవి. అక్కడ ఫ్రీపాసు మీద కూర్చునే మనిషి దర్జీ ఆవిడ భర్త. ఒకప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే కంపోజిటరు. ఇప్పుడు ఒక గోడౌనుకు కాపలాదారు. అచ్చాఫీసు ఉద్యోగం పోయి పన్నెండేళ్ళయినా వీధిలో అందరూ ఆయన్ని కంపోజిటరనే పిలిచేవారు.

ఆవేళ ఆట అయ్యాక ఆయన తెర వెనక్కి వచ్చేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏం మనుషులే వాళ్ళు! కన్నవాళ్ళా, కసాయివాళ్ళా? ఒక్కడంటే ఒక్కడు ఆ పిల్ల మనసులో ఏముందో అడిగాడా?"

"మీరు చూడటం ఇది ఎన్నోసారండీ?"

"ఎన్నోసారైతే ఏం? రాయైనా కరుగుతుంది."

"కరిగింది చాలు గానీ, ముక్కు దేనితో తుడుచుకుంటున్నారో చూసుకోండి. అది రాణిగారి మేలిముసుగు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికి బయల్దేరారు. ఈ మనిషి చెడ్డవాడని చదివేవారు ఎవరూ అనుకోకూడదు. అప్పు అడిగితే తన దగ్గర లేకపోయినా తెచ్చి ఇచ్చే మనిషి. వీధికుక్కకు కాలు విరిగితే కర్రలు పెట్టి కట్టిన మనిషి. కథలో వాళ్ళ కోసం ఏడవగలిగినవాడికి సొంత ఇంట్లో గుండె ఎందుకు గడ్డకట్టిందో, అదే ఇక్కడ చెప్పవలసిన సంగతి.

మలుపు తిరిగేసరికి కళ్ళద్దాల దుకాణం ముందు వాళ్ళ అమ్మాయి కనిపించింది. ఆ దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించడం ఆ పిల్ల పని. ఎదురుగా ఒక యువకుడు. అతనేదో అన్నాడు; ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతే. కంపోజిటరు అడుగు ఆగిపోయింది.

ఆ యువకుడు అచ్చాఫీసు మిషన్‌మ్యాన్ కొడుకు.

పన్నెండేళ్ళ కింద అచ్చాఫీసులో సమ్మె జరిగింది. కంపోజిటర్లు, మిషన్లు తిప్పేవాళ్ళు, బైండింగువాళ్ళు అందరూ ఒక్కటై గేటు ముందు కూర్చున్నారు. ముప్ఫై రోజులు ఒకే మాట మీద ఉన్నారు. ముప్ఫై ఒకటో రోజున మిషన్‌మ్యాన్ తలవంచుకుని గేటు లోపలికి వెళ్ళిపోయాడు. భార్య ఆసుపత్రిలో ఉంది, మందులు కావాలి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మిషను తిరిగింది, సమ్మె విరిగింది. గట్టిగా నిలబడ్డ ఏడుగురి ఉద్యోగాలు ఊడాయి. వాళ్ళలో కంపోజిటరు ఒకడు. అప్పటినుంచి ఒకే వీధిలో, ఏడిళ్ళ ఎడంలో ఉంటున్న ఆ రెండు కుటుంబాలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. విచిత్రమేమంటే, ఇద్దరి పొట్టా కొట్టిన యజమాని మాత్రం ఎవరికీ శత్రువు కాలేదు.

ఇంటికొచ్చాక కంపోజిటరు చెప్పులైనా విప్పలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

అమ్మాయి అబద్ధం ఆడే పిల్ల కాదు. "ఏడాది అయింది నాన్నా. వాళ్ళ నాన్నగారి కళ్ళజోడు విరిగితే బాగుచేయించడానికి వచ్చాడు. అప్పటినుంచి."

"వాళ్ళ నాన్నకి కళ్ళే ఉంటే ఆవేళ గేటు లోపలికి పోయేవాడా? ఏడు కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆ ఇంటికి పిల్లనిస్తే నేను మనిషినేనా?"

"అప్పుడు అతనికి పన్నెండేళ్ళు. నాకు పది. మేమిద్దరం ఏ గేటు దాటాం నాన్నా?"

కంపోజిటరు అప్పుడు చెప్పులు విప్పి మూలకు విసిరాడు. "రేపటినుంచి దుకాణానికి వెళ్ళక్కర్లేదు" అన్నాడు. అన్నమాట ప్రకారం మర్నాటినుంచి డ్యూటీకి వెళుతూ వీధి తలుపుకు లోపలివైపు తాళం వేయించి, తాళంచెవి భార్య దగ్గర ఉంచేవాడు. ఏడిళ్ళ అవతల మిషన్‌మ్యాన్ కూడా తగ్గలేదు. "పన్నెండేళ్ళుగా నన్ను ద్రోహి అంటున్న ఇల్లది. ఆ పిల్ల నా గుమ్మం ఎక్కితే నేను దిగిపోతాను" అని కొడుకుతో తెగేసి చెప్పాడు.

దర్జీ ఆవిడ పిల్ల కన్నీళ్ళు తుడిచేది. తుడిచి, తాళం వేసి, కంపెనీకి వెళ్ళేది. ఇంటికి ఎంత మంచిదో అంత పిరికిది ఆవిడ. గొడవ లేకుండా రోజు గడవడమే సుఖమని జీవితం ఆవిడకు నేర్పింది.

నెలరోజులు ఇలా గడిచాక ఒక మంగళవారం పగలు, ఆవిడ కంపెనీ వెనక గదిలో రాజు వేషగాడి కోటు కుట్లు విప్పుతోంది. రాజ్యం పెరగకపోయినా రాజుగారి పొట్ట పెరిగింది. వెనక తలుపు దగ్గర అలికిడైంది.

"అత్తయ్యా!"

మిషన్‌మ్యాన్ కొడుకు. పంపుల మరమ్మతు షెడ్డులోంచి సరాసరి వచ్చినట్టున్నాడు, మోచేతులదాకా గ్రీజు.

"అలా పిలవకు నాయనా. ఎవరైనా వింటే ఇంకో అర్థం తీస్తారు."

"చిన్నప్పుడు పిలిచిన పిలుపే కదా." నవ్వబోయి మానేశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబులోంచి కాగితంలో చుట్టిన కవరు తీశాడు. గ్రీజు అంటకుండా చుట్టుకొచ్చాడు. "గురువారం పొద్దున పదింటి బస్సుకు వెళ్ళిపోతున్నాను. రాతిగనిలో నీళ్ళు తోడే పంపుల మీద పని దొరికింది. ఉండటానికి గది కూడా ఇస్తారట. ఇది తనకివ్వండి."

"నేనా?"

"ఇంకెవరున్నారత్తయ్యా? కవరు అంటించలేదు. మీరు చదివినా నాకేం దాపరికం లేదు. మీ చేతికిస్తే తన చేతికిచ్చినట్టే."

అతను వెళ్ళాక ఆవిడ చదివింది. చాలా చిన్న ఉత్తరం.

'నిన్ను బలవంతం చెయ్యను. గురువారం పది గంటల బస్సుకు రెండు టిక్కెట్లు తీసుకున్నాను. నువ్వు వస్తే అక్కడ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, ఆ సాయంత్రమే మీ నాన్నకూ మా నాన్నకూ ఇద్దరం కలిసి ఉత్తరం రాద్దాం. కోప్పడతారు, తరవాత మెత్తబడతారు. రాకపోతే నీకు ఇష్టం లేదని అర్థం చేసుకుంటాను. మళ్ళీ ఉత్తరాలు రాసి ఇబ్బంది పెట్టను. బస్సు కదిలేదాకా మాత్రం పక్క సీటు ఎవరికీ ఇవ్వను.'

మంగళవారం సాయంత్రం భర్త ఇంట్లోనే ఉన్నాడు, ఇవ్వలేకపోయింది. బుధవారం ఇవ్వడానికి వీలుంది. పిల్ల పక్కన కూర్చుని తల దువ్వుతూ రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మూసింది. ఇస్తే ఇల్లు కూలుతుంది. ఆయన గుండె ఆగినా ఆగుతుంది. ఇవ్వకపోతే? ఇవ్వకపోతే ఏమీ కాదు. కుర్రవాడు పనిలో పడతాడు, పిల్ల నాలుగు రోజులు ఏడ్చి సర్దుకుంటుంది. లోకంలో ఎంతమంది సర్దుకోలేదు? తనకు తానే ఇలా నచ్చజెప్పుకుంది.

గురువారం కంపోజిటరు ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్ళాడు. తాళంచెవి ఆవిడ గుప్పిట్లో ఉంది. ఉత్తరం రవికెలో ఉంది. అమ్మాయి స్టూలు ఎక్కి తడిగుడ్డతో కిటికీ అద్దాలు తుడుస్తోంది.

"అమ్మా, నాకేదైనా చెప్పాలా?"

"ఏంలేదే. ఏం?"

"ఊరికే. రెండురోజులుగా నా మొహం వంకే చూస్తున్నావు."

పోస్టాఫీసు గడియారం పది కొట్టింది. ఒక్కో గంటా ఆవిడ వీపు మీద దెబ్బలా పడింది. అమ్మాయి గుడ్డ పిండుకుని రెండో అద్దం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం కంపెనీలో ఆవిడ ఇస్త్రీపెట్టె మూత తీసి, ఆ కవరును నిప్పుల మీద పడేసి మూత వేసేసింది.

శనివారానికి కబురు ఎలాగో అమ్మాయికి తెలిసింది. తల్లి దగ్గరికొచ్చి నిలబడింది. ఏడవలేదు.

"వెళ్ళిపోయాడటమ్మా. ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపోయాడట."

"రాత అలా ఉందమ్మా" అంది తల్లి. అనేశాక ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది.

తాళం తీసేశారు. అమ్మాయి మళ్ళీ దుకాణానికి వెళ్ళసాగింది. పెట్టింది తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది. కంపోజిటరు సంతోషించాడు. "చూశావా? కుర్రతనం! మరిచిపోయింది" అన్నాడు. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళైందో ఆయన లెక్కపెట్టలేదు. అతను తనను వదిలేశాడని ఆమె, ఆమె తనను కాదన్నదని అతను. రెండు అబద్ధాల మధ్య రెండు ప్రాణాలు ఏడు నెలలు బతికాయి. నిజం తెలిసిన మనిషి ఒక్కతే. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

ఏడో నెల దాటాక ఒక సోమవారం సాయంత్రం రాతిగని నుంచి వ్యాను వచ్చి మిషన్‌మ్యాన్ ఇంటి ముందు ఆగింది. నాలుగు రోజులు ఎడతెగని వాన కురిసి గనిగోతిలో నీళ్ళు పెరిగాయట. పంపు ఆగిపోతే కుర్రవాడు గోతిలోకి దిగాడట. నానిన గట్టు విరిగి మీద పడిందట. వ్యానులోంచి గుడ్డ కప్పిన అతని శరీరాన్ని దించారు. అతని వెనకే ఒక రేకుపెట్టె దించారు.

వీధంతా కదిలింది. పన్నెండేళ్ళ తరవాత కంపోజిటరు కూడా ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. భార్య, కూతురు ఆయన వెనక. లోపల తోటి పనివాడొకడు మిషన్‌మ్యాన్‌కు చెప్పుకుంటున్నాడు.

"అందరం సెలవు పెట్టి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళమండీ, తను వెళ్ళేవాడు కాదు. ఆవేళ డ్యూటీ నిజానికి నాది. మా పాపకు జ్వరమని తెలిసి, 'నువ్వు ఇంటికిపో, నేను దిగుతాను' అన్నాడు. 'నాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరులే' అన్నాడండీ."

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి ఆ మాట విన్నది. తలుపు చట్రం పట్టుకుంది. తల్లి ఆ మొహం చూసింది.

మిషన్‌మ్యాన్ తల ఎత్తాడు. ఎదురుగా కంపోజిటరు. ఇద్దరూ ముసలివాళ్ళైపోయారు, ఒకరి నెరిసిన జుట్టు మరొకరు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. కంపోజిటరు రెండడుగులు వేసి అతని భుజాలు పట్టుకున్నాడు.

"తలరాత అన్నా! ఎవర్ని అని ఏం లాభం?" అన్నాడు మిషన్‌మ్యాన్.

"అవునన్నా. విధి. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు కంపోజిటరు.

ఇద్దరూ కావలించుకుని గొల్లుమన్నారు. చూస్తున్నవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. పోనీలే, పగలైనా చల్లారాయి అని ఎవరో మెల్లగా అన్నారు. దర్జీ ఆవిడ పదకొండేళ్ళుగా తెర చాటునుంచి చూసిన ఏడుపే ఇది. ఒక్కటే తేడా. అక్కడ తెర పడగానే కుర్రవాడు లేచి చొక్కా విప్పి ఆవిడ చేతికిచ్చేవాడు.

"కాదు" అంది ఆవిడ.

ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "విధి కాదు. నేను."

భర్త వెనక్కి తిరిగాడు. "ఏమిటే?"

"వెళ్ళేముందు ఉత్తరం రాశాడు. నా చేతికిచ్చాడు. ఇవ్వమన్నాడు. నేను ఇవ్వలేదు. చదివి కాల్చేశాను."

అప్పుడు ఆవిడ ఆ ఉత్తరం చెప్పింది. ఏడు నెలలుగా రోజూ గుండెలో తిరుగుతున్న మాటలు; ఒక్కటీ పోలేదు. 'నిన్ను బలవంతం చెయ్యను' దగ్గర మొదలుపెట్టి, 'పక్క సీటు ఎవరికీ ఇవ్వను' దాకా అప్పజెప్పింది.

కుర్రవాడి తల్లి గోడ వారగా కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, "నువ్వూ తల్లివే కదమ్మా" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మిషన్‌మ్యాన్ రేకుపెట్టె మీద చెయ్యి పెట్టాడు. "ఆవిణ్ణి ఒక్కదాన్నే ఎందుకు అనడం? ఆ ఉత్తరం నా చేతికొచ్చినా నేనూ అదే చేసి ఉందును."

"తాళం వేయించింది నేను" అన్నాడు కంపోజిటరు. గోడకు చేరబడి, చిన్నగా కుంగి, నేల మీద కూర్చుండిపోయాడు.

అమ్మాయి తల్లి దగ్గరికి వచ్చింది.

"ఎన్ని గంటల బస్సమ్మా?"

"పది."

"పదింటికి నేను కిటికీ తుడుస్తున్నాను." ఎవరితోనో అన్నట్టు అంది. "అలికిడైనా చెయ్యలేదు నువ్వు."

ఆ తరవాత ఆమె లోపలికి వెళ్ళి కుర్రవాడి తల్లి పక్కన కూర్చుంది. తిరిగి తన ఇంటికి రాలేదు. కళ్ళద్దాల దుకాణం మీద ఒక గది ఉంటే అద్దెకు తీసుకుని అందులో ఉండసాగింది. మిషన్‌మ్యాన్ ఇంటికి రోజూ వెళ్ళి ఆ తల్లికి తోడుగా కాసేపు కూర్చునేది. సొంత తల్లి ఎదురుపడితే తల తిప్పుకునేది కాదు, పలకరించేదీ కాదు.

దర్జీ ఆవిడ కంపెనీ మానేసింది. కంపోజిటరుకు ఫ్రీపాసు లేకపోయింది. ఉన్నా వెళ్ళేవాడు కాదు. మొగుడూ పెళ్ళాలు ఒకే ఇంట్లో రెండు గదుల్లో రెండు మౌనాలై బతికారు. రెండు నెలలు చూసి, ఒక ఉదయం ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. అమ్మాయి బల్ల దగ్గర ఒక ముసలాయన కళ్ళజోడు బిగిస్తోంది. ఆయన్ని పంపేదాకా ఇద్దరూ గుమ్మం పక్కనే నిలబడ్డారు. తరవాత కంపోజిటరు బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇంటికి రా తల్లీ. జరిగిందేదో జరిగింది. మన రాత బాగోలేక..."

"నాన్నా" అని ఆమె ఆపింది. గొంతు పెంచలేదు. "ఇంకేమన్నా అనండి, వింటాను. ఆ మాట మాత్రం అనకండి. తుఫాను వచ్చి పడవ ఆగిపోతే విధి అనుకోవచ్చు. ఆ గురువారం వాన చినుకైనా పడలేదు. మన గుమ్మంనుంచి బస్టాండు పావుగంట నడక. ఆ పావుగంట దూరంలో అడ్డమున్నది ఒక తాళం, ఒక ఉత్తరం, ఇద్దరు పెద్దవాళ్ళ పంతం. ఏదీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. మీరు తాళం తియ్యగలిగేవాళ్ళు. అమ్మ ఉత్తరం ఇవ్వగలిగేది. వాళ్ళ నాన్నగారు ఒక్కసారి మన గుమ్మంలోకి వచ్చి, నా భార్య ఆసుపత్రిలో ఉంటే వెళ్ళానని చెప్పగలిగేవారు. మీరు ఒక్కసారి ఎందుకు వెళ్ళావని అడగగలిగేవారు."

కంపోజిటరు తల వంచుకున్నాడు. దర్జీ ఆవిడ ఏడుస్తూ, "మమ్మల్ని క్షమించవా?" అంది.

"తెలీదమ్మా. ఇప్పుడైతే క్షమించడానికి మనసు రావడం లేదు. వస్తే చెప్తాను." ఆమె బల్ల మీది అద్దపు పొడిని అరచేత్తో ఒకవైపుకు తోసింది. "ఈ వీధిలో ఇంకా పిల్లలున్నారు, తలుపులకు తాళాలున్నాయి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ జరిగింది జరిగినట్టు చెప్పండి. పిల్లలు బతికుండగా పెద్దలు చేసిన పనికి, పిల్లలు పోయాక విధి అని పేరు పెట్టకండి."